చెవులు మూసి నేర్పే ఇంగ్లీషు

ఎన్ ఐ జీ హెచ్ టీ నైట్, నైట్ అంటే రాత్రి. కే ఎన్ ఐ జీ హెచ్ టీ నైట్, నైట్ అంటే యోధుడు. ఎస్ ఈ ఈ సీ, సీ అంటే చూచుట. ఎస్ ఈ ఏ సీ, సీ అంటే సముద్రము. మన ఊళ్లలో ఏ బడి పక్కనుంచి నడిచినా ఈ భజన వినబడుతుంది. క్లాసు క్లాసంతా ఊగుతూ ఒకే రాగంలో అరుస్తుంది. రాత్రికీ యోధుడికీ తేడా ఎక్కడుందో ఆ అరిచేవాళ్లలో ఒక్కరికీ తెలియదు. చెవికి వినబడే తేడా ఏమీ లేదు మరి. ఉన్నదంతా రాతలో ఉంది, శనివారం డిక్టేషన్‌లో ఉంది, తప్పు రాస్తే ఇరవైసార్లు రాయించే ఇంపోజిషన్‌లో ఉంది.

ఇంగ్లీషు పేరు చెప్పి మన బళ్లు నేర్పుతున్నది ఇంగ్లీషు రాత. భాష నోట్లో పుట్టి చెవిలో పడేదన్న సంగతి గాలికొదిలేశారు. ఇరవై ఆరు అక్షరాల్ని ఏ వరసలో పేర్చాలో పదేళ్లపాటు వల్లె వేయించారు. తీరా పిల్లాడు ఇంటర్వ్యూలో నోరు విప్పలేకపోతే 'పల్లెటూరి సరుకు' అని వాణ్ణే వెక్కిరిస్తున్నారు. ఆడలేక మద్దెల ఓడనడం అంటే ఇదే.

కోఠీ ఫుట్‌పాత్ మీదో, విజయవాడ ఏలూరు రోడ్డు షాపుల్లోనో స్పోకెన్ ఇంగ్లీషు పుస్తకం ఒకటి తీసి తిరగేయండి. మధ్యలో ఎక్కడో పేజీలకి పేజీలు ఒక పట్టిక ఉంటుంది. 'తికమక పెట్టే పదాలు' అనో, 'ఒకే ఉచ్చారణ, వేరు అర్థాలు' అనో దానికో శీర్షిక. పువ్వు ఫ్లవర్, పిండీ ఫ్లవరే. జత పేర్, ఒకానొక పండూ పేరే, తొక్క తీయడమూ పేరే. రాయడం రైట్, కుడిచెయ్యి రైట్, క్రతువూ రైట్. పుస్తకం పేరులో 'స్పోకెన్' అని ఉంటుంది గానీ మాట్లాడేవాడికి ఈ పట్టికతో చిల్లిగవ్వంత ఉపయోగం లేదు.

ఎందుకు లేదో మన భాషలోనే చూద్దాం. మాస్టారిని అడుగు. బిందె అడుగు తోము. ఒక అడుగు వెనక్కి వెయ్యి. మూడు అడుగుల్లో ఏది ఏదో మూడేళ్ల పిల్లకి చెప్పాల్సిన పని ఎప్పుడైనా పడిందా? పాలు కాగాయా అన్నప్పుడూ, ఆస్తిలో అన్నదమ్ముల పాలు తేలిందా అన్నప్పుడూ ఏ తెలుగువాడైనా గిన్నె కోసం వెతుక్కున్నాడా? ఇంగ్లీషు పిల్లాడూ అంతే. రొట్టెకి ఫ్లవర్ తెమ్మని వాళ్లమ్మ అంటే వంటింట్లోకే వెళ్తాడు, పూలతోటలోకి వెళ్లడు. వాక్యంలో ఉన్న మాట ఎవరినీ తికమక పెట్టదు. వాక్యంలోంచి పీకి, దాని కవల పక్కన నిలబెట్టి, ఇద్దరిలో ఎవరు ఎవరో చెప్పమంటే మాత్రం ఎవరికైనా బుర్ర తిరుగుతుంది. అంటే ఆ తికమకని పుట్టిస్తున్నది పట్టికే. పదజాలం ఎలా నేర్పాలన్న విషయం మీదే ఎన్నో ఏళ్లు పనిచేసిన న్యూజీలాండ్ భాషావేత్త పాల్ నేషన్ ఈ సంగతి చెబుతూనే వచ్చాడు: పోలికలున్న మాటల్ని ఒకే పాఠంలో కలిపి నేర్పితే రెండూ కలిసిపోతాయి, ఒకటి కుదురుకున్నాకే రెండోది తీసుకురావాలి అని. మన గైడు రాసేవాళ్లు సరిగ్గా దానికి ఉల్టా చేస్తారు. కాగితాలూ పెన్నులూ అమ్మే 'స్టేషనరీ' ఒక్కటే తెలిసిన పిల్లాడికి, కదలకుండా ఉండడం అనే ఇంకో 'స్టేషనరీ'ని అదే రోజు, అదే గీతలో చూపిస్తారు. ఒకదాంట్లో ఏ, ఇంకోదాంట్లో ఈ. మర్నాటికి ఏ ఎక్కడో ఈ ఎక్కడో వాడికి తెలియదు. నిన్నటిదాకా వచ్చిన మాట కూడా ఇవాళ పోయింది.

కోచింగ్ సెంటర్ల అమీర్‌పేట సంగతి చెప్పుకుంటే ఇంకా సిగ్గుచేటు. జీఆర్ఈ కోసం బ్యారన్స్ పుస్తకంలోని 3500 మాటల జాబితా ఒక తరం తెలుగు ఇంజినీర్లకి విష్ణు సహస్రనామం. బస్సులో, మెస్సులో, హాస్టల్ మేడ మీద అదే జపం. మాటకి అర్థం, అర్థానికి వ్యతిరేకం. ఆ పరీక్ష పెట్టే ఈటీఎస్ వాళ్లే 2011 ఆగస్టులో వ్యతిరేకపదాల ప్రశ్నల్నీ పోలికల ప్రశ్నల్నీ ఎత్తిపారేశారు. విడిగా బట్టీ పట్టిన మాటతో భాష వచ్చినట్టు కాదని వాళ్లకి అర్థమైంది. మనకి మాత్రం జాబితా కావాలి. జాబితా ఉంటే దాన్ని అచ్చు వేయొచ్చు, అమ్మొచ్చు, వారం వారం టెస్టు పెట్టొచ్చు. వినడం నేర్పాలంటే నేర్పేవాడికి ముందు వినడం రావాలి.

ఇంతకీ తెలుగువాడి నోట్లో నిజంగా ఒకటైపోయే ఇంగ్లీషు మాటలు వేరే ఉన్నాయి. వాటి పట్టిక ఏ గైడులోనూ ఉండదు, రాసేవాడికి ఆ తేడా వినబడితే కదా! పశువుల డాక్టరు వెట్, తడిసిన బట్ట వెట్. మనకి రెండూ ఒకటే, ఇంగ్లీషు చెవికి రెండు వేరు మాటలు. మొదటిదానికి పైపళ్లు కింది పెదవిని తాకాలి. రెండోదానికి పళ్ల ప్రసక్తే లేదు, పెదవులు ఈల వేసేటప్పటిలా గుండ్రంగా ముడుచుకోవాలి. చేతిలో అద్దం ఉంటే పది నిమిషాల పాఠం. పని చెయ్యడం వర్క్, నడవడం వాక్. చట్టం లా, తక్కువ లో. ఇక కాస్ట్ సంగతి చెప్పక్కర్లేదు: ఖరీదూ కులమూ ఒకే మాటగా వినబడే దేశంలో సంబంధాలు మాట్లాడుకునే చోట అది తప్పని ఎవరికీ అనిపించకపోవచ్చు కూడా.

జీరో అనే మాట తీసుకోండి. మన పిల్లాడు 'జీతం'లో జీ పలుకుతాడు. వెంటనే నవ్వుతారు పట్నం పిల్లలు. కానీ ఇదే పిల్లాడు 'జూ పార్కు' అన్నప్పుడు జ దాదాపు సరిగ్గా పడుతుంది, ఎవరైనా గమనించారా? తెలుగులో జ ఒకటి కాదు, రెండు. జొన్నలో జ వేరు, జీతంలో జ వేరు. పాతకాలం అచ్చులో మొదటిదానికి పైన గుర్తు పెట్టి ౙ అని వేసేవాళ్లు కూడా. ఆ జొన్న జ మన భాషలో ఇ, ఈల ముందు రాదు. అందుకే జూ దగ్గర సర్దుకున్న నోరు జీరో దగ్గర తిరగబడుతుంది. ఇది మొద్దుతనం కాదు, తెలుగు వ్యాకరణం పిల్లాడి నోట్లో నిక్కచ్చిగా పనిచేస్తోందని సాక్ష్యం. ఈ సంగతి తెలిసిన మాస్టారు ఏం చేస్తాడు? 'జొన్న అను. అదే జ పట్టుకో, నాలుక పళ్ల వెనక తగిలీ తగలకుండా ఉంచి సాగదియ్యి. ఇప్పుడు దానికి ఈ తగిలించు' అంటాడు. అయిపోయింది. ఇంగ్లీషు సగం మన నోట్లోనే ఉంది, వెతికే ఓపిక లేదు.

అలాంటిదే ఇంకోటి. మేక అనండి, మేకు అనండి. రెండింటిలో మే ఒకటేనా? మేకలో నోరు ఎక్కువ తెరుచుకుంటుంది. ఆ స్వరాన్ని పొట్టి చేస్తే ఇంగ్లీషు పిల్లి దొరుకుతుంది. దానికి మన లిపిలో అక్షరం లేక య-ఒత్తుతో క్యాట్ అనీ బ్యాంక్ అనీ సర్దుకుంటున్నాం. రాతలో వచ్చిన ఆ య నోట్లోకీ దూరింది. తెలుగు లిపి మహా గొప్పది, ఏది రాస్తే అది చదువుతాం అని మురిసిపోయేవాళ్లకి ఒక మాట: మన మాటలకి అది చాలావరకు నిజమే, ఇంగ్లీషు మాటలకి కొంతవరకే. పిల్లలు ఇంగ్లీషు మాట మీద పెన్సిల్‌తో తెలుగులో రాసుకుంటే టీచర్లు రబ్బరు పెట్టి చెరిపేస్తారు. అది తప్పు, రాసుకోనివ్వండి. ఆ వయసులో వాళ్లకి ఉన్న ఒకే ఒక్క టేప్ రికార్డరు అది. కాకపోతే మన లిపిలో వ ఒకటే, దాని సాయం అక్కడితో ఆగుతుంది. ఆ పైన చెవే కావాలి.

అన్నిటికన్నా పెద్ద అడ్డం మాత్రం అక్షరాల్లో లేదు, ఊనికలో ఉంది. తెలుగులో ప్రతి అక్షరానికీ దాని వాటా దానికి ఇస్తాం. ఇంగ్లీషువాడు మాటలో ఒక్క ముక్కని గట్టిగా పట్టుకుని మిగతావి మింగేస్తాడు. వెజిటబుల్ వాడి నోట్లో వెజ్టబుల్. ఇంగ్లీషు బుధవారంలో డీ అనే అక్షరం రాతకే పరిమితం. ఫొటోగ్రాఫ్‌లో బరువు మొదట పడితే, ఫొటోగ్రఫీలో రెండో ముక్క మీదికి జరుగుతుంది, మొదటిది నలిగిపోతుంది. రికార్డ్ అనే మాటకి ముందు ఊనిక ఇస్తే వస్తువు, వెనక ఇస్తే చేసే పని. పుస్తకంలో నాలుగు ముక్కల్నీ చూసిన మన పిల్లాడు చెవిలో మూడు ముక్కలే పడేసరికి కంగారుపడతాడు. 'వాళ్లు చాలా స్పీడు' అంటాడు. స్పీడు కాదు నాయనా, వాళ్లు మింగేస్తున్నారని నీకు ఎవరూ చెప్పలేదు.

చెప్పేవాళ్లు లేరా అంటే, మన నడిబొడ్డునే ఉన్నారు. దేశం మొత్తానికి ఇంగ్లీషు బోధన నేర్పడానికి 1958లో కేంద్ర ప్రభుత్వం సంస్థ పెట్టింది ఎక్కడనుకున్నారు? లండన్‌లో కాదు, హైదరాబాద్‌లో. ఇవాళ ఇఫ్లూ అని పిలుస్తున్న విశ్వవిద్యాలయం అదే. మనవాళ్ల ఇంగ్లీషు బయటివాళ్లకి ఎక్కడెక్కడ అర్థం కావడం లేదో ఆర్.కె. బన్సల్ పరిశోధించి పుస్తకం రాస్తే 1969లో ఆ సంస్థే అచ్చు వేసింది. ఊనిక తప్పడం పెద్ద కారణాల్లో ఒకటని అందులోనే తేలింది. అర్ధశతాబ్దం దాటింది. తార్నాక నుంచి ఉప్పల్ బడిదాకా ఆ మాట నడిచి రాలేకపోయింది.

ఇంజినీరింగ్ కాలేజీల్లో లాంగ్వేజ్ ల్యాబులు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. ఒకదాంట్లోకి వెళ్లి చూశాను. ఏసీ గది, వరసగా కంప్యూటర్లు, ప్రతి దానికీ హెడ్‌ఫోను. కొన్ని హెడ్‌ఫోన్ల మీద కొన్ననాటి ప్లాస్టిక్ కవరు ఇంకా ఉంది. పిల్లలు తలొంచుకుని స్కేలు పెట్టి మార్జిన్లు కొట్టి, ఉచ్చారణ గుర్తుల పటాన్ని సీనియర్ రికార్డులోంచి తమ రికార్డులోకి ఎక్కిస్తున్నారు. గదిలో చప్పుడు లేదు. మాట్లాడడం నేర్పే ప్రయోగశాలలో 'సైలెన్స్ ప్లీజ్' అని గోడకి కాగితం.

స్పెల్లింగ్ తప్పు రాసి దెబ్బలు తిన్న ప్రతి పిల్లాడికీ ఇంకో నిజం బాకీ పడ్డాం. ఆ స్పెల్లింగ్ ఎలా వచ్చిందో వాడికి ఏ మాస్టారూ చెప్పడు. కాక్స్టన్ 1476లో వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం పెట్టేనాటికి ఇంగ్లీషు దీర్ఘస్వరాలు ఇంకా కదులుతూనే ఉన్నాయి. అచ్చులో రాత గట్టిపడింది, నోరు మాత్రం తన దారిన తాను మారుతూ పోయింది. యోధుడి ముందు ఉన్న ఆ కే ఒకప్పుడు నిజంగానే పలికేది. మధ్యలో జీ హెచ్ కూడా పలికేది. ఆ శబ్దాలు చచ్చిపోయి వందల ఏళ్లయింది, శవాలు మాత్రం మన పిల్లల నోటుపుస్తకాల్లో ఉన్నాయి. అప్పు అనే మాటలో బీ ఏనాడూ ఇంగ్లీషువాడి నోట్లో లేదు, లాటిన్ వచ్చని చూపించుకోవడానికి పండితులు తగిలించారు. ద్వీపంలో ఎస్ అయితే శుద్ధ పొరపాటు. సంబంధం లేని లాటిన్ మాటతో చుట్టరికం ఊహించి దూర్చారు. తమ రాత చూసి వాళ్లే విసిగిపోయారు, బెర్నార్డ్ షా లాంటివాడు కొత్త లిపి తయారుచేయమని వీలునామాలో డబ్బు రాసి పోయాడు. ఇంత గందరగోళాన్ని వేదంలా ఘనం చెప్పిస్తూ, తప్పినవాణ్ణి మొద్దు అంటున్నాం మనం.

సైన్యంలో ఒక హోదాని మన పత్రికలన్నీ 'కల్నల్' అని రాస్తాయి. ఇంగ్లీషువాడు దాన్ని 'కర్నల్' అంటాడు, గింజలోని పప్పుని పిలిచే మాటా అచ్చం అలాగే పలుకుతుంది. వాళ్లు రాతని ఇటాలియన్ నుంచి తెచ్చుకుని, పలకడం ఫ్రెంచి నుంచి తెచ్చుకున్నారు. 2020లో గల్వాన్‌లో ప్రాణాలిచ్చిన సూర్యాపేట బిడ్డ సంతోష్‌బాబుని తెలుగునేల అంతా కల్నల్ అనే తలుచుకుంది. అందరికీ అర్థమైంది. మరి కాలేజీలో, ఆఫీసులో, పెళ్లిలో ఒక ఎల్ దగ్గర మనిషిని పట్టుకుని నవ్వేవాళ్లకి ఏ హక్కుంది? కాకినాడని కొకనాడా, ఏలూరుని ఎల్లోర్, మచిలీపట్నాన్ని మసులిపటం చేసిన దొరల్ని ఎవరైనా బెంచీ ఎక్కించారా? మన కడప 2005 దాకా ఇంగ్లీషు రాతలో 'కడ్డపా'. బస్సు, రోడ్డు, పెన్ను అని చివర ఉకారం తగిలించే మన అవ్వ చేస్తున్నదీ ఆ దొరలు చేసినదీ ఒకటే పని: పరాయి మాటని తన నోటికి అనువుగా మలుచుకోవడం. ఆమెది యాస అయింది, వాళ్లది మ్యాపు అయింది.

యాసకీ అర్థం కాకపోవడానికీ తేడా ఉంది, నా కోపమంతా ఆ రెంటినీ కలిపేసేవాళ్ల మీదే. అమెరికా గొంతు అరువు తెచ్చుకోమని నేను చెప్పడం లేదు. ఆ గిరీశాల వ్యాపారం అమీర్‌పేటలో వేరే నడుస్తోంది. తెలుగువాడు తెలుగువాడిలాగే ఇంగ్లీషు మాట్లాడొచ్చు. వర్క్ అంటే వర్క్‌లా, వాక్ అంటే వాక్‌లా ఎదుటివాడి చెవిలో పడాలి, ఎదుటివాడు మింగేసిన మాట మన చెవికి అందాలి. అంతే.

ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పటానికి దండ వేస్తాం. ఆయన పర్లాకిమిడిలో ఏం చేశాడో మాత్రం ఒక్క వేదిక మీదా చెప్పుకోం. బడి లేని, లిపి లేని సవర భాషని ఆ మనిషి సవరలతో కూర్చుని విని నేర్చుకున్నాడు. ప్రతి శబ్దానికీ గుర్తు పెట్టుకున్నాడు, నోరు ఎలా కదులుతోందో చూశాడు, 1931 నాటికి వాళ్ల భాషకి వ్యాకరణం అచ్చు వేయించాడు. వాడుక తెలుగు కోసం ఆయన్ని పోరుకి పురికొల్పినవాళ్లలో యేట్స్ అనే ఇంగ్లీషు స్కూలు ఇన్‌స్పెక్టరు ఒకడు, బతికున్న భాషని బతికున్నట్టే నేర్పాలని పట్టుబట్టినవాడు. విని, పలికి, ఆ తర్వాతే రాయాలన్న పద్ధతి నూరేళ్ల కిందట మన గడ్డ మీదే ఉంది. తెలుగుకి ఆయన తెచ్చిన గెలుపుని తీసుకున్నాం. ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి 'సీ అంటే చూచుట' అనే గ్రాంథికానికే అంటిపెట్టుకుని ఉన్నాం.

రాజకీయం చూడండి. 2019లో ఆంధ్రప్రదేశ్ సర్కారు బళ్లన్నీ ఇంగ్లీషు మీడియం అంది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ జీవోల్ని కొట్టేసింది. తెలంగాణ 2022-23లో అదే దారి పట్టింది. అమ్మభాష అని ఒక పక్షం, అవకాశాలని ఇంకో పక్షం గొంతు చించుకున్నాయి. ఏ మీడియమైతేనేం, ఇంగ్లీషుని చెవితో నేర్పుతారా కంటితో నేర్పుతారా అని ఏ పక్షమూ అడగలేదు. 2023లో ఆంధ్రప్రదేశ్‌లో టోఫెల్ పరీక్ష తెచ్చారు, పిల్లలకి మొదటిసారి వినికిడి పరీక్ష అంటూ ఒకటి ఎదురైంది. ప్రభుత్వం మారింది, టోఫెల్ పోయింది. 2023లోనే తెలంగాణ ఇంటర్ బోర్డు ఫస్టియర్ ఇంగ్లీషుకి ఇరవై మార్కుల ప్రాక్టికల్స్ పెట్టింది. మంచి పని, కాదనను. కానీ పదేళ్లు చెవులు మూసి ఉంచి పదకొండో ఏట తెరిస్తే ఎంత వినబడుతుంది?

ఇంగ్లీషు టీచర్లని తిట్టి చేతులు దులుపుకునే ఉద్దేశం నాకు లేదు. వాళ్లకీ ఇదే భజన నేర్పారు. అరవై మంది ఉన్న గదిలో, సిలబస్ పూర్తి చెయ్యమని నెత్తిన కూర్చున్న అధికారి ముందు, మార్కు రాని పని ఎవరు చేస్తారు? పదో తరగతి ఇంగ్లీషు పబ్లిక్ పరీక్ష హాల్లో పిల్లాడి కంటికి పని ఉంది, చేతికి పని ఉంది. చెవికి లేదు.

అందుకని రెండు రాష్ట్రాల విద్యామంత్రులనీ అడుగుతున్నాను. పదో తరగతి ఇంగ్లీషు పబ్లిక్ పరీక్షలో ఇరవై మార్కులు వినికిడికి పెట్టండి. నాలుగైదు నిమిషాల మాటలు మైకులో వినిపించి ప్రశ్నలివ్వండి. జెండా పండగకి మైకు దొరికే ప్రతి బడికీ దీనికి కావలసిన సరంజామా ఉంది. కొత్త భవనాలక్కర్లేదు, విదేశీ ఒప్పందాలక్కర్లేదు. మీరు ఆ ఉత్తర్వు ఇచ్చిన మర్నాడే కార్పొరేట్ బళ్లు తికమక పదాల పట్టికలు చెత్తబుట్టలో పడేసి స్పీకర్లు కొనుక్కుంటాయి. మార్కు ఉన్న చోటికి మన చదువు పరుగెత్తి వస్తుంది. ఆ సంగతి మీకూ తెలుసు, నాకూ తెలుసు.